మధ్యాహ్నం నింపిన బిందె

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రెండు నెలలుగా ఈ శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో రాగి గురించి అడిగినవే ఎక్కువ. ఎండలు మొదలయ్యేసరికి రాగి సీసాల అమ్మకాలు జోరందుకుంటాయి, ఆ వెనకే ఇళ్లల్లో వాదనలూ మొదలవుతాయి. అందుకని ఈసారి అన్నీ రాగి ప్రశ్నలే తీసుకున్నాను. ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో 31 ఏళ్లు మైక్రోబయాలజీ పాఠం చెప్పాను, అక్కడి ఇన్ఫెక్షన్ నివారణ కమిటీ పని చూశాను. రాగి అంటే నాకు గౌరవం. అది చేయగల పని ఎంతో, చేయలేనిది ఏమిటో రెండూ తెలిస్తేనే ఆ గౌరవం నిలుస్తుంది.

*

ప్రశ్న: మా అత్తగారు రాత్రి పడుకోబోయే ముందు రాగి బిందెలో నీళ్లు పోసి, పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు తాగుతారు. మా అమ్మాయేమో "ఇంట్లో ఫిల్టరు ఉండగా ఇదెందుకు నాయనమ్మా" అంటుంది. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఎవరి మాట నిజం? — గృహిణి, తెనాలి

తలా కొంత నిజం ఉందమ్మా. ముందు మీ అత్తగారి వైపు చూద్దాం.

బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆయుర్వేద అండ్ ఇంటిగ్రేటివ్ మెడిసిన్ పరిశోధకులు 2012లో ఒక పత్రం ప్రచురించారు. తాగే నీళ్లలో కావాలనే కలరా, టైఫాయిడ్, పారాటైఫాయిడ్, జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా, ఈ.కొలై బాక్టీరియాలను కలిపి, ఆ నీళ్లను రాగి పాత్రల్లో 16 గంటలు ఉంచారు. ఆ తరవాత కల్చర్ పెడితే ఒక్కటీ పెరగలేదు. ఆ నీళ్లలోకి దిగిన రాగి ఎంతంటే, లీటరుకి సుమారు 0.177 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 2 మిల్లీగ్రాములు. మన దేశంలో ప్రమాణాలు నిర్ణయించే బి.ఐ.ఎస్. వాళ్లు 0.05 దాకా ఉంటే మేలు, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 దాకా పరవాలేదు అన్నారు. అంతకు ముందు, 2005 ప్రాంతంలో, ఇంగ్లండులోని నార్తంబ్రియా యూనివర్సిటీ, చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి ఇత్తడి బిందెల్ని ఇలాగే పరీక్షించారు. ఇత్తడిలో రాగితో పాటు జింకు కూడా ఉంటుంది కాబట్టి పని నెమ్మది. అయినా 48 గంటలు గడిచేసరికి ఈ.కొలై జాడ లేకుండా పోయింది.

కాబట్టి మీ అత్తగారి నమ్మకం ఉత్తి నమ్మకం కాదు. ఆవిడ దగ్గర ఒక్కటే సవరించాలి, అది గడియారం. రాత్రి పదింటికి పోసి పొద్దున్న అయిదింటికి తాగితే ఏడు గంటలే అయింది. పరీక్షలో చూసింది 16 గంటలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒంటిగంటకి, బిందె నింపమనండి. పొద్దున్న అయిదుకి సరిగ్గా 16 గంటలు అవుతాయి. మధ్యలో సగం వంచుకుని, పైన మళ్లీ పచ్చి నీళ్లు పోస్తే లెక్క మొదటికి వచ్చినట్టే. గ్లాసు, చెయ్యి లోపల ముంచకుండా వంచుకోవాలి. లేదంటే కాడ పొడుగున్న గరిటె ఒకటి దానికే కేటాయించుకోవాలి. పదహారు గంటలు కష్టపడి శుభ్రమైన నీళ్లలో చెయ్యి ముంచితే మళ్లీ ఏం చేరుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీ అమ్మాయి వైపు. రాగి సూక్ష్మజీవుల మీద పని చేస్తుంది గాని నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ని, నైట్రేట్‌ని, పురుగుమందుని తీయలేదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్లలో రాగి బిందె కొనుక్కున్నంత మాత్రాన పళ్ల మీద గారలు ఆగవు. నీళ్లు మట్టిగా ఉన్నా రాగి బలం తగ్గిపోతుంది, ఎందుకంటే దిగిన రాగి కాస్తా మట్టికి పట్టుకుంటుంది. వరద వచ్చినప్పుడు, ఊళ్లో వాంతులు విరేచనాలు మొదలైనప్పుడు బిందెని నమ్ముకుని కూర్చోకండి. నీళ్లు తెర్లేలా కాచండి, లేదా క్లోరిన్ బిళ్ల వేయండి. ఆ రోజుల్లో పదహారు గంటలు ఆగే తీరిక ఎవరికీ ఉండదు.

ఫిల్టరు నీళ్లే రాగి బిందెలో పోసుకోవచ్చా అంటే పోసుకోవచ్చు. కానీ ఆర్.ఓ. నీళ్లలో లవణాలు తక్కువ, కాస్త ఆమ్ల గుణం కూడా ఉంటుంది. అలాంటి నీళ్లు రాగిని ఎక్కువగా లాగుతాయి. ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడండి. రెండు మూడు రోజులు నిలవున్న నీళ్లు నాలుక మీద కనరుగా తగిలితే ఆలోచించకుండా మొక్కలకి పోసేయండి.

*

ప్రశ్న: గట్టిగా ఉండే లోహం, కదలదు మెదలదు. అది బాక్టీరియాని ఎలా చంపుతుంది మేడమ్? మరి మన చేతికి ఏమీ కాదేం? — డిగ్రీ విద్యార్థి, విజయనగరం

మా పిల్లలకి ఈ పాఠం నోటితో చెప్పేదాన్ని కాదు, చూపించేదాన్ని. ల్యాబులో చిన్న రాగి రేకు ఒకటి, అదే కొలతలో స్టీలు రేకు ఒకటి ఉండేవి. రాగి రేకు మా ఇంటి పాత చెంబుదే. అడుగు చిల్లి పడితే కత్తిరించి తెచ్చాను. రెండింటినీ స్పిరిటుతో తుడిచి, ఆరాక, ఈ.కొలై కలిపిన సెలైన్ ఒక్కో చుక్క వేసేవాళ్లం. అరగంటకి ఒకసారి, గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి దూది పుల్లతో ఒత్తి తీసి అగార్ ప్లేటు మీద, అంటే బాక్టీరియాని పెంచే జెల్లీ పోసిన పళ్లెం మీద, గీసేవాళ్లం. మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు తీసే ముందు నలుగురైదుగురు వచ్చి భుజాల మీదుగా తొంగి చూసేవాళ్లు. స్టీలు వైపు మూడు గీతలూ దట్టంగా, మెరుస్తూ, మెంతులు చల్లినట్టు కాలనీలు. రాగి వైపు మొదటి గీత పలచన. రెండోది ఇక్కడొకటి అక్కడొకటి. మూడో గీత ఉండవలసిన చోట ఉత్తి అగార్. పిల్లలు ఆ ఖాళీ జాగాని చూసినంత సేపు ఏ స్లైడునీ చూడలేదు.

లోపల జరిగేది ఇది. రాగి మీద తడి తగిలినప్పుడు దాన్నుంచి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న రాగి రేణువులు, ఊడి వస్తాయి. బాక్టీరియా ఒళ్లు ఆ లోహానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి అవి నేరుగా దాని పైపొర మీద పడతాయి. పొర చిల్లులు పడి లోపలి సరుకు బయటికి కారుతుంది, ఇంకా ఎక్కువ రాగి లోపలికి దూరుతుంది. అక్కడ ఎంజైముల్లో ఇనుము కూర్చున్న చోట ఇనుముని తోసేసి తను కూర్చుంటుంది, యంత్రం ఆగిపోతుంది. ఆక్సిజన్‌తో కలిసి చురుకైన అణువుల్ని పుట్టించి కనిపించినదాన్నల్లా కాలుస్తుంది. చివరికి డీఎన్ఏ కూడా ముక్కలవుతుంది. ఈ ఆఖరి సంగతి నాకు చాలా ముఖ్యం. మామూలుగా చచ్చిన బాక్టీరియా వదిలిన డీఎన్ఏ ముక్కల్లోంచి బతికున్నవి మందులకి లొంగని జన్యువుల్ని ఏరుకుంటాయి. రాగి మీద ఆ ఆస్తి పంపకానికి ఏమీ మిగలదు.

స్విట్జర్లాండు వృక్షశాస్త్రవేత్త కార్ల్ నాగెలి నీళ్లలోని స్పైరోగైరా నాచు మీద ఇదే గమనించాడు. కంటికి కనిపించని పాటి రాగి ఉన్నా నాచు చచ్చిపోతోంది. ఆ వ్యాసం ఆయన పోయాక, 1893లో అచ్చయింది. అతి కొద్ది లోహం ఇంత పని చేయడాన్ని 'ఆలిగోడైనమిక్' ప్రభావం అని ఆయన పెట్టిన పేరే ఇప్పటికీ వాడుతున్నాం.

మన చేతికి ఎందుకేం కాదంటే, చర్మం పైన ఉన్నది చచ్చిన కణాల పొర. దాని కింది కణాలకి రాగిని పట్టి దాచుకునే ప్రోటీన్లున్నాయి. బాక్టీరియా ఒంటరి కణం, దానికి అంత రక్షణ లేదు. ఇంకో మాట. మీ ఒంట్లోనే ఈ యుద్ధం రోజూ జరుగుతోంది. మాక్రోఫేజ్ అనే తెల్లకణం బాక్టీరియాని మింగాక, దాన్ని బంధించిన సంచీలోకి రాగిని పంపి చంపుతుంది. మనిషి చెంబు చేసుకోవడానికి చాలా ముందే ఒళ్లు ఈ విద్య నేర్చుకుంది.

రాగికి అసలు ఎదురే లేదనుకోవద్దు. రాగిని బయటికి తోసేసే జన్యువులున్న బాక్టీరియాలు ఉన్నాయి. మేతలో రాగి కలిపే పందుల పెంపకంలో అవి బాగా కనిపించాయి. పొడిగా ఉన్న రాగి రేకు మీద అవి కూడా ఎక్కువసేపు నిలవవు గాని, కొన్నింటికి మిగతావాటి కన్నా కాస్త గడువు దొరుకుతుంది.

*

ప్రశ్న: మా ఆసుపత్రిలో కొత్త ఐసీయూ కడుతున్నారు. మంచాల కమ్మీలు, తలుపు పిడులు రాగివి పెడితే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని ఒక కంపెనీ వాళ్లు వచ్చి చెప్పారు. ఖర్చు చాలా ఎక్కువ. యాజమాన్యం నన్ను కూడా అడిగింది. ఏం చెప్పమంటారు? — స్టాఫ్ నర్సు, కరీంనగర్

మిమ్మల్ని అడిగారంటే ముందు ఆ యాజమాన్యాన్ని మెచ్చుకోవాలి సిస్టర్. కమ్మీ మీద రోజుకి ఎన్ని చేతులు పడతాయో మీకు తెలిసినట్టు ఇంజనీరుకి తెలియదు.

ఈ కథ ఒక తలుపు పిడితో మొదలైంది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పనిచేసే ఫిలిస్ కూన్ 1983లో ఒక వ్యాసం రాసింది. శిక్షణకి వచ్చినవాళ్ల చేత ఆసుపత్రి తలుపుల పిడుల మీద దూది పుల్లలతో నమూనాలు తీయించింది. ఇత్తడి పిడుల మీద పెరుగుదల చాలా తక్కువ, స్టీలు పిడుల మీద ఎక్కువ. కంటికి చూస్తే స్టీలుదే తళతళ. తరవాత ఆమె లోహపు ముక్కల మీద బాక్టీరియా పూసి చూసింది. ఇత్తడి 7 గంటల్లోపు శుభ్రపడింది, పీచుతో బాగా రుద్దిన ఇత్తడి అయితే గంటలోనే. స్టీలు మీద రోజులు గడిచినా బతికే ఉన్నాయి.

ఆ వ్యాసం చదివిన రోజు నాకు మా ఆసుపత్రి గుర్తొచ్చింది. పాత ప్రసూతి వార్డు తలుపులకి ఇత్తడి పిడులుండేవి. అరచేతులు తగిలి తగిలి నడుమ బంగారు రంగు తేలి, అంచుల దగ్గర నల్లబడి ఉండేవి. మరమ్మతులప్పుడు అవి మాసిపోయి ఉన్నాయని తీసేసి స్టీలువి బిగించారు. నేను అప్పట్లో ఏమీ అనలేదు. ఆ పిడులు తుక్కు కింద తూకానికి వెళ్లిపోయాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. రాగి, ఇత్తడి నల్లబడినంత మాత్రాన పని మానవు. ఆ నలుపు ఆక్సైడు పొర, దాని మీదా బాక్టీరియా చస్తుంది. తళతళ మెరిసేదే శుభ్రం అన్న మన అలవాటు అక్కడ మనల్ని మోసం చేసింది.

తరవాత లెక్కలు వచ్చాయి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోని సెల్లీ ఓక్ ఆసుపత్రిలో టాయిలెట్ సీటు, కొళాయి పిడులు, తలుపు నెట్టే పలక రాగి కలిసినవి పెట్టి పక్కనే మామూలువాటితో పోల్చారు. 2010లో అచ్చయిన ఫలితం ప్రకారం రాగివాటి మీద సూక్ష్మజీవులు 90 నుంచి 100 శాతం తక్కువ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2008లో రాగి మిశ్రమ లోహాలకి 'రెండు గంటల్లో 99.9 శాతం బాక్టీరియాని చంపుతుంది' అని చెప్పుకునే అనుమతి ఇచ్చింది. ఆ అనుమతిలోనే ఒక షరతు ఉంది: ఇది మామూలు శుభ్రతకి అదనమే గాని బదులు కాదు. కంపెనీ వాళ్ల బ్రోషరులో ఆ వాక్యం ఏ మూల ఉందో చూడండి.

ఉపరితలం మీద బాక్టీరియా తగ్గడం వేరు, రోగికి ఇన్ఫెక్షన్ తగ్గడం వేరు. మీ యాజమాన్యం తెలుసుకోవలసింది ఈ రెండోదాని గురించి. దాని మీద బాగా చెప్పుకునేది 2013లో వచ్చిన అమెరికా అధ్యయనం. మూడు ఆసుపత్రుల ఐసీయూల్లో కొన్ని గదుల్లో మంచం కమ్మీలు, రోగి ముందుకి లాగే బల్ల, సెలైన్ స్టాండు, చూడవచ్చినవాళ్ల కుర్చీ చేతులు, నర్సుని పిలిచే బటను లాంటి ఆరు వస్తువులకి రాగి తొడిగారు. మామూలు గదుల్లో 8.1 శాతం మందికి ఆసుపత్రి ఇన్ఫెక్షన్ వస్తే, రాగి గదుల్లో 3.4 శాతం మందికి వచ్చింది. చాలా పెద్ద తేడా. కానీ ఆ పద్ధతి మీద తోటి శాస్త్రవేత్తలు ప్రశ్నలు వేశారు. రాగి గనులకి పేరుపడ్డ చిలీ దేశంలోనే పిల్లల ఐసీయూలో చేసినప్పుడు కొంత తగ్గుదల కనిపించినా, అది రాగి వల్లే అని గట్టిగా చెప్పగలిగేంత తేడా రాలేదు. ఒక్క అధ్యయనం చేతబట్టుకుని కోట్లు ఖర్చుపెట్టించే వాళ్లు వస్తే ఈ చిలీ సంగతి అడగండి.

ఎందుకిలా అంటే నా మనసుకి తోచే సమాధానం మళ్లీ గడియారమే. రాగికి గంట, రెండు గంటలు కావాలి. ఒక రోగి కమ్మీ పట్టుకుని సెలైన్ సరిచేసిన చెయ్యి రెండు నిమిషాల్లో పక్క మంచం మీద ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో రాగి ఏం చేయగలదు? ఆ సందుని పూడ్చేది చేతులు రుద్దుకునే స్పిరిటు ద్రావణం ఒక్కటే. రాత్రి రెండింటికి, శుభ్రం చేసే మనిషి వచ్చి వెళ్లిపోయాక, మళ్లీ పొద్దున్న దాకా ఎవరూ తుడవని కమ్మీ ఉంటుంది చూడండి, అక్కడ రాగి ఒంటరిగా కాపలా కాస్తుంది. దాని విలువ అక్కడ ఉంది.

యాజమాన్యానికి నేనైతే ఇలా చెబుతాను. ప్రతి మంచానికీ చెయ్యి చాచితే అందే దూరంలో స్పిరిటు ద్రావణం సీసా ఉందా? ఖాళీ అయిన గంటలో మళ్లీ నిండుతుందా? కొళాయికి మోచేతి పిడి ఉందా? ఒక నర్సుకి ఎంతమంది రోగులు? ఇవి తేలాక డబ్బు మిగిలితే, మొదట మంచం కమ్మీలు, తరవాత సెలైన్ స్టాండు పట్టుకునే చోటు, తలుపు పిడి. గోడకి, కిటికీకి రాగి దండగ. లోహంలో రాగి కనీసం 60 శాతం ఉండాలి. పైన వార్నిషు, లక్క ఏదీ పూయకూడదు. పూస్తే మీరు ముట్టుకునేది ప్లాస్టిక్‌నే, రాగిని కాదు. ఫ్లోరు తుడిచే మైనం కమ్మీలకి తగలనివ్వొద్దని హౌస్‌కీపింగ్ వాళ్లకి నేర్పండి. రంగు మారితే కంగారుపడి పాలిష్ పెట్టించవద్దని కూడా చెప్పండి.

సి.డిఫిసిల్ లాంటి బీజాలు కట్టే బాక్టీరియా మీద రాగి అంత చురుగ్గా పని చేయదు. ఆ కేసు వస్తే సబ్బు నీళ్లతో చేతులు, క్లోరిన్‌తో గది. స్పిరిటు కూడా పనికిరాదు.

*

ప్రశ్న: కరోనా అప్పుడు మా అపార్టుమెంటు లిఫ్టు బటన్ల మీద రాగి పొర అంటించారు. ఇప్పుడు రాగి మాస్కులు, రాగి కడియాలు, ఫోను వెనక అంటించే రాగి రేకులు అమ్ముతున్నారు. కొనవచ్చా? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

2020లో కరోనా వైరస్‌ని రకరకాల ఉపరితలాల మీద పెట్టి చూసినప్పుడు రాగి మీద 4 గంటల తరవాత బతికున్న వైరస్ దొరకలేదు, అట్టపెట్టె మీద 24 గంటల తరవాత దొరకలేదు, ప్లాస్టిక్, స్టీలు మీద మూడు రోజుల దాకా దొరికింది. లిఫ్టు పొరల వెనక ఉన్న ఆలోచన అదే. నాలుగు గంటల్లో మీ లిఫ్టు బటన్ని ఎంతమంది నొక్కుతారో మీరే లెక్కేసుకోండి. పైగా కరోనా ముఖ్యంగా గాలి ద్వారా వస్తుందని తరవాత తేలింది. లిఫ్టులో ఫ్యాను తిరగడం బటను కన్నా ముఖ్యం.

ఫోను వెనక రేకు అంటిస్తే ఆ రేకు మాత్రమే శుభ్రంగా ఉంటుంది. మీరు ముఖానికి ఆనించేది ముందున్న అద్దం. కడియం మణికట్టు మీద ఉండి అరచేతి బాక్టీరియాని ఏమీ చేయలేదు. ఇష్టమైతే అందానికి వేసుకోండి, ఇన్ఫెక్షన్ల కోసమైతే వద్దు.

*

ప్రశ్న: అమ్మా, నేను చీనీ రైతుని. బంక తెగులుకి మొదళ్లకి బోర్డో పేస్టు పూస్తాం. మైలుతుత్తంలో ఉన్నదీ ఈ రాగేనా? అయితే కొంచెం ఎక్కువ వేస్తే మంచిదేగా? — అనంతపురం జిల్లా

అదే రాగి. దాని పుట్టుక కూడా వినదగ్గది. ఫ్రాన్సులోని మెడాక్ ప్రాంతంలో దారి పక్క ద్రాక్ష తోటల్లో దొంగలు కాయలు కోసుకుపోతుంటే, చూడ్డానికి విషంలా కనిపించాలని రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు. బూజు తెగులు వచ్చి లోపలి తీగలన్నీ ఆకులు రాల్చినా, దారి పక్కవి పచ్చగా నిలిచాయి. అది కంటపడ్డ మిలార్డే అనే ప్రొఫెసరు పరీక్షలు చేసి 1885లో లోకానికి చెప్పాడు. దగ్గర్లోని బోర్డో నగరం పేరు మిశ్రమానికి నిలిచింది.

ఎక్కువ మాత్రం వద్దు. ఆకుల మీద చల్లే ఒక శాతం ద్రావణానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. ఇనుప డబ్బాలో కలపకండి. కలిపాక శుభ్రమైన చాకు మొన కాసేపు ముంచి తీయండి. దాని మీద ఎర్రటి పూత పడితే రాగి ఇంకా విడిగా తిరుగుతోందని అర్థం, ఆకు మాడుతుంది. ఇంకాస్త సున్నపు తేట పోసి మళ్లీ చూడండి. చాకు మామూలుగా బయటికి వస్తేనే తోటలోకి తీసుకెళ్లాలి. రాగి నేలలో కరిగిపోయి మాయమయ్యేది కాదు, ఏటేటా పేరుకుంటుంది. పేరుకుంటే వానపాములకి, నేలకి మేలు చేసే సూక్ష్మజీవులకి కీడు. మీ తోట మీ మనవల దాకా ఉండాలి కదా.

*

ప్రశ్న: మా బాబుకి ఏడో నెల. ఊరి నుంచి అమ్మ పాలు కాచడానికి ఇత్తడి గిన్నె, నీళ్లకి రాగి చెంబు పంపిస్తానంటోంది. "నిన్ను ఇలాగే పెంచాను" అంటోంది. తెప్పించుకోనా? — డల్లాస్, అమెరికా

పాల గిన్నె వద్దు తల్లీ. ఈ ఒక్క విషయంలో నేను మధ్యేమార్గం చెప్పను.

మన దేశంలో ఒకప్పుడు పసిపిల్లల కాలేయం గట్టిపడి, పొట్ట ఉబ్బి, పచ్చబడి నెలల్లో చనిపోయే జబ్బు ఉండేది. వైద్య గ్రంథాలు దానికి ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అనే పేరు పెట్టాయి. ఆ పిల్లల కాలేయంలో రాగి విపరీతంగా పేరుకుని ఉండేది. 1980లలో పుణెలో వైద్యులు ఆ ఇళ్లల్లో పిల్లలకి ఏం పట్టారో, దేనిలో పట్టారో అడిగి చూస్తే, కళాయి (తగరం పూత) లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిలవుంచిన పాలు చాలా చిన్న వయసులోనే మొదలుపెట్టిన ఇళ్లు ఎక్కువ కనిపించాయి. పాలలోని ప్రోటీను రాగిని బాగా పట్టుకుంటుంది. ఏడాది నిండని పిల్లల కాలేయానికి దాన్ని బయటికి పంపే శక్తి తక్కువ. ఇళ్లల్లోకి స్టీలు, అల్యూమినియం గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. నేను చదువుకునే రోజుల్లో అలాంటి పిల్లల్ని వార్డులో చూశాను. ఆ పొట్టలు, ఆ పసుపు కళ్లు మరిచిపోలేను.

మీ అమ్మగారి మాట అబద్ధమనడం లేదు. ఆవిడ బహుశా కళాయి వేయించిన గిన్నెలో కాచి ఉంటారు. ఆవిడని నొప్పించకుండా, "డాక్టరమ్మ ఏడాది దాటేదాకా స్టీలే వాడమంది" అని నా మీద పెట్టి చెప్పండి. బాబు తాగే నీళ్లు కూడా ఏడాది నిండేదాకా రాగి చెంబులోవి వద్దు. ఇంట్లో ఎవరికైనా విల్సన్ జబ్బు ఉంటే, అంటే రాగి ఒంట్లోనే చిక్కుకుపోయే పుట్టుకతో వచ్చే లోపం ఉంటే, వాళ్లకి ఏ వయసులోనూ వద్దు.

*

ప్రశ్న: అటక మీద మా అమ్మమ్మ మరచెంబు దొరికింది. రైలు ప్రయాణాలకి మూత బిగించి నీళ్లు తీసుకెళ్లేదిట. బయట ఇత్తడి, లోపల తెల్లగా ఉండి అక్కడక్కడ పసుపు రంగు తేలింది. నీళ్లు తాగవచ్చా? వీలైతే చారు కూడా పెట్టుకోవచ్చా? — ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

లోపలి తెలుపు కళాయి. అంటే తగరం పూత. మన చిన్నప్పుడు కళాయి వేసేవాళ్లు వీధిలోకి వచ్చి, గుంటలో బొగ్గులు రాజేసి, తిత్తితో ఊదుతూ, గిన్నె ఎర్రబడ్డాక నవాసాగరం చల్లి, తగరం ముక్క ఆనించి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేవాళ్లు. ఆ ఘాటు పొగ, ఆ క్షణంలో గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టు తెల్లబడటం నాకింకా కళ్లముందుంది.

ఆ పూత దేనికంటే రాగిని తిండికి తగలనివ్వకుండా ఆపడానికి. పులుపు రాగిని కరిగిస్తుంది. చింతపండు చారు, పులుసు, మజ్జిగ, నిమ్మరసం కళాయి లేని ఇత్తడిలో పెడితే చిలుము పట్టి కనరెక్కుతాయి. తాగినవాళ్లకి కడుపులో తిప్పి వాంతి అవుతుంది. రాగి సీసాలో నిమ్మకాయ పిండుకుని ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రాగిని ఆపే పూత రాగి చేసే మేలుని కూడా ఆపుతుంది. ఇది చాలామంది గమనించరు. కళాయి నిండుగా ఉన్న చెంబులో నీళ్లు పదహారు గంటలున్నా స్టీలు చెంబులో ఉన్నట్టే. అందుకే పాత ఇళ్లల్లో వంట గిన్నెలకి కళాయి వేయించేవాళ్లు, నీళ్ల బిందె లోపల మాత్రం ఉత్త లోహమే. ఏది దేనికో మన ముందువాళ్లు విడదీసి పెట్టుకున్నారు.

మీ మరచెంబు ఇప్పుడు రెంటికీ చెడింది. అలా చారుకి వాడకండి. కళాయి మళ్లీ వేయించాలనుకుంటే పాత్రల బజారులో అడిగి చూడండి, ఆ పని చేసేవాళ్లు ఇంకా ఒకరిద్దరు ఉంటారు. శుద్ధమైన తగరమే వేయమని, సీసం కలిపింది వద్దని గట్టిగా చెప్పండి, మీ కళ్లముందే వేయించుకోండి. నీళ్లకే అయితే కళాయి ఉన్నా లేకపోయినా, మర దగ్గర సందుల్లో పేరుకున్న ఆకుపచ్చ చిలుము మొత్తం పోవాలి. చింతపండు పులుసులో ఉప్పు వేసి కాసేపు నాననిచ్చి, పాత పళ్ల బ్రష్షుతో మర గాడి చుట్టూ తోమండి. చింతపండు లోపల ఎక్కడా మిగలకుండా నాలుగు నీళ్లు పోసి కడిగి, మూత తీసి ఎండలో బోర్లించండి. ఆరాక తెల్ల గుడ్డ వేలికి చుట్టి గాడిలో తిప్పి చూడండి. గుడ్డకి పచ్చ అంటితే ఇంకోసారి తోమాలి.